మునిగిన ఊళ్లో మిషన్ల పందెం

వేసవి ముదిరి ఆనకట్ట వెనక నీళ్లు తగ్గినప్పుడు సిరివాగుపాడు బయటపడుతుంది. నలభై ఏళ్ల కిందట నదిలో మునిగిపోయిన ఊరు అది. ముందు ఒక రాతికంబం తల పైకి లేస్తుంది. పది రోజులకు మొండిగోడలు, ఇంకో పది రోజులకు గడపలు, అరుగులు, రోళ్లు. చివరికి వీధులకు వీధులే, ఎండకు పగిలిన ఒండ్రుమట్టి కప్పుకుని పడుకుని ఉంటాయి. చుట్టుపక్కల అడవిలో ఎంత మొరటు జంతువైనా ఆ వీధిలో మొదటి అడుగు వేసేటప్పుడు గొంతు తగ్గిస్తుంది. కాళ్ల కింద ఒక ఊరు ఉందని తెలిస్తే ఎవరికైనా అంతే.

అయితే గొంతు తగ్గేది ఆ మొదటి అడుగుకే. రెండో అడుగు నుంచి మిషన్ల గొడవ మొదలవుతుంది.

మిషన్లంటే నేలలో లోహం కనిపెట్టేవి. పొడవాటి కర్ర, దాని చివర పళ్లెం లాంటి చక్రం, చెవులకు తగిలించుకునే డిప్పలు. చక్రాన్ని నేలకు ఆనీ ఆనకుండా ఊపుతూ నడవాలి. కింద లోహముంటే చెవిలో కుయ్‌మంటుంది. ఆ అడవిలో మిషను లేని ఇల్లు లేదు. ఏటా ఎండాకాలంలో మునిగిన ఊళ్లో పందెం జరుగుతుంది. గెలిచినవాళ్ల మందకు ఊరి నడుమ మిగిలే మడుగు, దాని ఒడ్డున ఉండే పచ్చిక, వానలు పడేదాకా సొంతం. ఓడినవాళ్లు నీళ్ల కోసం రోజూ మూడు మైళ్లు నడిచి నది పాయ దగ్గరికి పోవాలి.

ఆ ఏడు పందెంలో ముగ్గురు నిలబడ్డారు. తోకరాయుడనే నక్క, కోరలప్ప అనే అడవిపంది, మైలోడనే ముసలి ఎద్దు.

నక్క చేతిలో ఉన్నది గగన్ కంపెనీ మిషను. దానికి చిన్న తెర ఉంటుంది, కింద ఉన్నదేమిటో అంకెల్లో చూపిస్తుంది. అడవిపందిది భూభేరి కంపెనీ. దానికి తెర ఉండదు కానీ కూత మాత్రం కొండకు కొట్టి తిరిగొస్తుంది. ఈ రెండు కంపెనీల వల్ల అడవి రెండుగా చీలిపోయింది. భూభేరి వాళ్ల ఇంట్లో పెళ్లికి గగన్ వాళ్లు వెళ్లరు. వెళ్లినా భోంచేయరు.

"ఏం బావా, ఇంకా ఆ కూతలమిషనే మోస్తున్నావా?" అన్నాడు తోకరాయుడు, ఎవరు ఎక్కడ వెతకాలో గళ్లు పంచే రోజు పొద్దున. "అది మేకు దొరికినా కూస్తుంది, మేలిమి బంగారం దొరికినా అట్లనే కూస్తుంది. తవ్వి తవ్వి నీ ముట్టె అరిగిపోయింది చూడు."

"నా ముట్టె సంగతి నీకెందుకప్పా?" కోరలప్ప గుర్రుమన్నాడు. "నీ గగన్‌కు తెర తప్ప ఏముంది? తడి నేలలో దానికి తల తిరుగుతుందంట కదా. పోయినేడు అంకె ఎనభై, అంటే వెండే అని చూపిస్తే మీ తమ్ముడు పొద్దుగూకేదాకా తవ్వినాడు. ఏం దొరికింది? వాడి పాత గొలుసు ముక్కే!"

"అది మిషను తప్పు కాదు, మా తమ్ముడి తప్పు."

"గెలిస్తే మిషను గొప్ప, ఓడితే తమ్ముడి తప్పా! బాగుంది న్యాయం."

ఇద్దరూ ఒకేసారి మైలోడి వైపు తిరిగారు.

మైలోడు సేద్యం చేసి చేసి, వయసు మీరాక అడవికి చేరిన ఎద్దు. అతని మిషను మెడకు తాడుతో కట్టి ఉంది. డిప్పలు కొమ్ములకు వేలాడుతున్నాయి. కంపెనీ పేరు రాసిన కాగితం ఎప్పుడో ఊడిపోయింది. పైగా మైలోడి కాళ్లకు ఇంకా ఇనుప నాడాలున్నాయి. అడుగు వేసినప్పుడల్లా మిషను ఆ నాడాలను చూసి గగ్గోలు పెడుతుంది. అందుకని అతను ఒక అడుగు వేస్తాడు, ఆగుతాడు, నిలబడి మెల్లగా చక్రం ఊపుతాడు, మళ్లీ ఒక అడుగు వేస్తాడు.

"మామా, నీ మిషను ఏ కంపెనీది?" అన్నాడు తోకరాయుడు.

"తెలీదల్లుడా. కూస్తుంది. అంతవరకు తెలుసు."

"నీ కాళ్లను చూసి కూస్తుంది!" అని కోరలప్ప పగలబడి నవ్వాడు. "అన్నా, నువ్వు పందెంలో నిన్ను నువ్వే తవ్వుకుంటావేమో, చూసుకో!"

మైలోడూ నవ్వాడు. కానీ అతని కళ్లు మడుగు పక్కన తుమ్మచెట్టు కింద పడుకున్న కర్రోడి మీదే ఉన్నాయి. కర్రోడు పదిహేనేళ్లు అతనితో కలిసి కాడి మోసిన ఎద్దు. పోయిన చలికాలంలో ముందుకాలు మడతపడింది, మళ్లీ కుదురుకోలేదు. పందెం అయ్యేదాకా మడుగు అందరిదీ కాబట్టి కర్రోడికి నీళ్లు అందుతున్నాయి. రేపు పందెం అయ్యాక గెలిచినవాళ్లదే. మూడు మైళ్లు కర్రోడు నడవలేడు. నీళ్లు మోసుకొచ్చే దారి ఎద్దులకు లేదు. మైలోడికి పందెం గెలవడమంటే ఇంతే, ఇంతకన్న ఏమీ లేదు.

పందేనికి పెద్ద నీలవ్వ. ఆమె తాబేలు. ఆమె వయసు ఆమెకే తెలియదు. ఊరు ఊరుగా ఉన్నప్పటి నుంచి అక్కడే ఉంది. ఆమె పెట్టిన నియమాలు మూడు. ఎవరి గడి వాళ్లదే, ఇంకొకరి గళ్లో గోరు పెట్టినా పందెం పోయినట్టే. తీసిన గుంట పూడ్చాలి. పొద్దు వాలేలోగా ఒక్కొక్కరు ఒక్క వస్తువే చూపించాలి, మూడింట్లో ఏది గొప్పదో అవ్వ చెబుతుంది.

ఆ పొద్దున నీలవ్వ గులకరాళ్లు వేసి గళ్లు పంచింది. తోకరాయుడికి పాత అంగడి వీధి వచ్చింది. కోరలప్పకు ఊరి చావిడి. మైలోడికి ఊరి చివర ఒక ఇంటి వాకిలి. ఒండ్రు పైకి కనిపించే ఎత్తైన అరుగు, దాని మీద గడప, ఒక రోలు. అంతే.

"మామకు రోలు వచ్చింది!" అన్నాడు తోకరాయుడు. "రోట్లో లోహం ఉండదు మామా, ముందే చెబుతున్నా!"

పైకి నవ్వాడు కానీ లోపల అతనికి నెమ్మది లేదు. నక్కలకు మడుగు అలవాటైపోయింది. వరసగా మూడేళ్లు వాళ్లే గెలిచారు. ఇళ్ల వాకిళ్లలో ఆడవాళ్ల నగలు జారిపడతాయని తోకరాయుడికి తెలుసు. కోరలప్పను నమ్మవచ్చు, వాడు హడావిడిగా తవ్వి వస్తువును తనే విరగ్గొట్టుకుంటాడు. ఈ ముసలి ఎద్దుకు తొందర లేదు. తొందర లేనివాడంటేనే తోకరాయుడికి భయం.

ఆ మధ్యాహ్నం ఎండకు జంతువులన్నీ చెట్ల కింద ఒరిగాయి. తోకరాయుడు చేపలు పట్టేవాళ్ల గుడిసెల వెనక ఏరిన పన్నెండు సోడా మూతలు మూటగట్టుకుని ఎద్దు గళ్లోకి వెళ్లాడు. ముందు గగన్‌తో గడి అంతా ఊపి చూశాడు. తెర మీద సున్నా. రెండోసారి ఊపాడు. సున్నా. "మా కంపెనీ సున్నా అంటే సున్నాయే," అనుకున్నాడు తృప్తిగా. తర్వాత పన్నెండు చోట్ల గోళ్లతో తవ్వాడు. ఆ ఒండ్రు ఎండి రాయిలా ఉంది, గోళ్ల మధ్య రక్తం వచ్చింది. అయినా మానలేదు. మూతలు పైపైన పెడితే ఎద్దు ఇట్టే తీసి పారేస్తాడు. మూరెడు లోతున పెడితే ఆ ముసలి గిట్టలకు ఒక్కోదానికి గంట పడుతుంది. రోజంతా సోడా మూతలతోనే తెల్లారిపోతుంది. అందుకని మూరెడు తక్కువ కాకుండా ప్రతి గుంటా తవ్వి, మూత పెట్టి, పూడ్చి, పైన తోకతో చదును చేశాడు. తన పనితనానికి తనే మురిసిపోయి వెళ్లి పడుకున్నాడు.

మర్నాడు పొద్దు పొడవగానే పందెం మొదలైంది.

మైలోడు ఒక అడుగు వేశాడు, ఆగాడు, ఊపాడు. మిషను కూసింది. గిట్టతో మట్టి గీరాడు. సోడా మూత. పక్కన పెట్టాడు. ఇంకో అడుగు. కూత. ఇంకో మూత. మూడోది. నాలుగోది. గట్టు మీద కూర్చున్న నక్కపిల్లలు లెక్కపెట్టి కేరింతలు కొట్టాయి.

"తాతా, సోడా అంగడి పెడతావా?"

"మాకో నిమ్మకాయ సోడా కొట్టు తాతా!"

"పెడతా, పెడతా," అన్నాడు మైలోడు తల ఎత్తకుండా. "ముందు మూతలన్నీ దొరకనీ."

తెర ఉన్న మిషనైతే అంకె చూసి అది మూతేనని దాటిపోవచ్చు. మైలోడి మిషనుకు ఆ తెలివి లేదు, కాబట్టి కూసిన చోటల్లా తవ్వాల్సిందే. పైగా అతనికి ఇంకో అలవాటుంది. వస్తువు తీశాక ఆ గుంటలోకి చక్రం దించి మళ్లీ ఒకసారి ఊపుతాడు. సేద్యం నేర్పిన అలవాటు అది. తోలిన చాలులోనే మళ్లీ తోలితే గాని నాగలి లోతుకు దిగదు.

ఒక విషయం అతనికి ముందే వింతగా తోచింది. గిట్టకు దెబ్బ తగిలేంత గట్టి నేల కదా, ఈ మూతలున్న చోట మాత్రం మెత్తగా, దున్నిన చేనులా ఉంది. ఎందుకో తెలియలేదు కానీ, మెత్తగా ఉంటే తనకే మంచిది అనుకున్నాడు. గంట పట్టాల్సిన మూత అందుకే నిమిషాల్లో బయటికొస్తోంది.

తొమ్మిదో మూత రోటికి రెండు బారల దూరంలో దొరికింది. తీసి పక్కన పెట్టి, ఆ మూరెడు గుంటలోకి చక్రం దించి ఊపాడు.

మిషను కూయలేదు. మూలిగింది.

మైలోడు ఆగిపోయాడు. మూత కూత పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. ఇది సన్నగా, పొడుగ్గా, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకుండా ఉంది. చక్రాన్ని కుడికి జరిపాడు. ఉంది. ఎడమకు జరిపాడు. ఉంది. గుంట పైకి తెచ్చి నేల మీద ఊపితే ఏమీ లేదు. మళ్లీ గుంటలో పెడితే మూలుగు. ఏదో చాలా కింద ఉంది. ఏదో చాలా పెద్దది. అతని మెడ మీద చర్మం అలలా కదిలింది.

అప్పటి నుంచి అతను తల ఎత్తలేదు. గిట్టలతో తవ్వాడు, కొమ్ములతో పెళ్లగించాడు. ఎండ నడినెత్తికి వచ్చింది, దాటిపోయింది. మోకాళ్లు లోపలికి పోయేంత గుంట అయ్యాక కొమ్ము కొన దేనికో తగిలింది.

ఆ మోత ఊరంతా విన్నది. ఖంగుమని పుట్టి, మొండిగోడల మధ్య తిరిగి, మడుగు నీళ్ల మీద సన్నని ముడతలు లేపి పోయింది. గట్టు మీద నక్కపిల్లల నోళ్లు మూతపడ్డాయి. చావిడి గళ్లో కోరలప్ప తన డిప్పలు తీసేసి చెవులు నిక్కించాడు.

"నా భూభేరి కూడా ఎన్నడూ ఇట్ల పలకలేదు," అంటూ మిషను అక్కడే పడేసి పరుగున వచ్చాడు. "అన్నా, ఏందది?"

"తెలీదప్పా. గుండ్రంగా ఉంది. అంచు ఇంకా దొరకలేదు."

నీలవ్వ మెల్లగా పాకుతూ వచ్చేసరికి మైలోడు అంచు చుట్టూ మట్టి తీసేశాడు. బోర్లించిన గంగాళం అది. ఇత్తడిది. పెళ్లిళ్లలో ఊరందరికీ నీళ్లు కాచేంత పెద్దది. మైలోడు అందులో ముడుచుకుని పడుకోవచ్చు. అంచు చుట్టూ జానెడు మందాన సున్నం మెత్తి ఉంది, రాయిలా బిగిసి ఉంది.

"తవ్వడం అన్నే తవ్వినాడు కదవ్వా," అన్నాడు కోరలప్ప. "ఎత్తడానికి నేను పట్టొచ్చా? నా పందెం పోతే పోనీ. దీని కింద ఏముందో చూడకుండా నేను ఇంటికి పోలేను."

నీలవ్వ తల ఆడించింది. కోరలప్ప కోరలతో సున్నం పగలగొట్టాడు. మైలోడు గంగాళం కడియానికి తన మెడతాడు తగిలించి వెనక్కి లాగాడు. ఒక్క ఉదుటున కాదు, చాలు తిప్పేటప్పుడు లాగినట్టు, మెల్లగా, బరువంతా భుజాల మీద వేసుకుని. అంచు లేచింది.

ముందు గాలి వచ్చింది. పేడ అలికిన వాసన, కట్టెల పొయ్యి పొగ వాసన. నలభై ఏళ్ల కిందటి ఒక పొద్దుటి గాలి, నీళ్లు తాకని గాలి, వాళ్ల ముఖాలకు తగిలి పోయింది.

కింద ముగ్గు ఉంది.

తడి లేదు, ఒండ్రు లేదు. అలికిన వాకిలి ముక్క, దాని మీద తెల్లగా ముగ్గు. చుక్క చుక్కా ఉంది. మెలిక మెలికా ఉంది. నడుమ పసుపు బొట్టు రంగు పోకుండా ఉంది. ఒక మూల మాత్రం గీత కాస్త చెదిరి, అక్కడ బొటనవేలి అచ్చు ఉంది. వేసినావిడ లేస్తూ వెనక్కి పెట్టిన అడుగు.

కోరలప్ప తన ఊపిరికి ముగ్గు ఎక్కడ ఎగిరిపోతుందోనని ముట్టె పక్కకు తిప్పుకున్నాడు. పైన మొత్తం నది నలభై వానాకాలాలు పారింది. చేపలు తిరిగాయి, పడవలు తిరిగాయి. దీని మీద ఒక్క చుక్క పడలేదు.

"ఇది సుంకమ్మ వాకిలి," అంది నీలవ్వ. "ఊరు ఖాళీ చెయ్యమన్న రోజు అందరూ బండ్లెక్కినారు. ఆమె మాత్రం వాకిలి ఊడ్చి, అలికి, ముగ్గేసింది. 'నీళ్లలో మునిగే ఇంటికి ముగ్గెందుకే' అని మొగుడు అరిచినాడు. 'రోజూ వేసేదాన్ని, ఈ పొద్దు మాత్రం ఎందుకు మానాల' అనింది. గంగాళం బోర్లించి సున్నం మెత్తి, చేతులు కడుక్కుని బండెక్కింది. నేనప్పుడు ఆమె పెరటి బావిలో ఉండేదాన్ని. ఇది ఇంకా ఉంటుందని నేనైనా అనుకోలేదు."

పొద్దు వాలింది. తోకరాయుడు గర్వంగా నడుస్తూ వచ్చాడు. అతని నోట్లో వెండి మొలతాడు ఉంది. మంచి వస్తువే. మామూలు ఏడైతే దాంతోనే గెలిచేవాడు. అతను గుంట దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశాడు. మొలతాడు నోట్లోంచి జారి కింద పడింది. ఒక్క క్షణం అతనూ అందరిలాగే నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తర్వాత అతని కళ్లు మడుగు వైపు తిరిగాయి, ఆశ్చర్యం అంతటితో ముగిసింది.

"ఇందులో ఏదో మోసముందవ్వా," అన్నాడు. "ఈ రాతినేలలో ఒక్క రోజులో ఇంత లోతు ఈ ముసలాయన తవ్వగలడా?"

నీలవ్వ గుంట అంచు చుట్టూ ఒకసారి పాకింది. పక్కన వరసగా పెట్టిన తొమ్మిది సోడా మూతలను చూసింది. గుంట గోడను ముక్కుతో తాకింది.

"నిజమే రాయుడా, ఒక్కడు తవ్వింది కాదిది," అంది. "కిందిదంతా గిట్టలతో తవ్వినారు. పైన మూరెడు మాత్రం గోళ్లతో తవ్వినారు. ఆ మూరెడు లేకుంటే మైలోడి మిషను దీన్ని కనుక్కునేదే కాదు. ఆ గోళ్లు ఎవరివో తెలిస్తే, ఈ గెలుపు చెప్పేటప్పుడు ఆ పేరు కూడా చెప్పాల. చెప్పకపోతే అన్యాయం కదా?"

"అన్యాయమే!" అన్నాడు తోకరాయుడు వెంటనే. అతని మనసులో మడుగు, పచ్చిక, సగం వాటా గిర్రున తిరిగాయి. "ఆ గోళ్లు నావే అవ్వా! చూడు, ఇంకా రక్తం ఆరలేదు. ఎంత కష్టపడి తవ్వినాననుకున్నావు! నేను తవ్వకపోతే మామకు సోడా మూత కూడా దొరికేది కాదు."

"ఎప్పుడు తవ్వినావు?"

"నిన్న మధ్యాహ్నం."

"ఎవరి గళ్లో?"

తోకరాయుడు తన చుట్టూ చూశాడు. అడవి మొత్తం అతని గోళ్ల వంకే చూస్తోంది.

"ఏం బావా," అన్నాడు కోరలప్ప నెమ్మదిగా, "ఈసారి కూడా తమ్ముడి తప్పేనా?"

"పేరు చెబుతానన్నాను, చెబుతా," అంది నీలవ్వ, చివరి చెట్టు దాకా వినపడేలా. "గెలిచింది మైలోడు. అతని గళ్లో మూతలు పాతి, అతని కోసం మూరెడు నేల తవ్విపెట్టి, పందెం పోగొట్టుకున్నవాడు తోకరాయుడు. ఇద్దరి పేర్లూ గుర్తు పెట్టుకోండి."

నీలవ్వ చెప్పినట్టు ఆ సాయంత్రమే గంగాళాన్ని ఎట్లా ఉన్నదాన్ని అట్లా బోర్లించారు. కోరలప్ప జిగటమట్టి తెచ్చి అంచు చుట్టూ మెత్తాడు. గుంట పూడ్చాక ఆగలేక అడిగాడు.

"అన్నా, నిజం చెప్పు. నీ మిషను ఏ కంపెనీది?"

"తెలీదప్పా," అన్నాడు మైలోడు, కర్రోడున్న మడుగు వైపు నడుస్తూ.

తోకరాయుడి మంద ఆ వేసవంతా మూడు మైళ్లు నడిచింది. దారిలో అతను గగన్‌ను నేలకు ఊపుతూనే ఉన్నాడు, తెర మీద రోజూ సున్నాయే కనిపించింది, అతను దాన్ని రోజూ నమ్ముతూనే ఉన్నాడు.

మిషను ఏ కంపెనీదైనా, తీసిన గుంటలోకి మళ్లీ ఒకసారి వంగి చూసే ఓపిక ఉన్నవాడికే నేల తన లోతు చూపిస్తుంది.